దర్వాజ ఎటు దిక్కు

ముసఫ్ఫాల మా రూమ్ నంబరు పద్నాలుగు.
ఆరు మంచాలు, మీదొకడు కిందొకడు పన్నెండు మంది, ఒక్క కిటికీ.
దానికి ఏసీ డబ్బా అడ్డం. గందుకే
సూర్యుడు మాకు సైటు మీదనే కలుస్తడు.

ఐతారం పొద్దుగాల
కుబూస్ మీద ఎల్లిగడ్డ కారం రాసుకుంటుంటే
ఫోన్ల సాయవ్వ:
"పెట్టెకు చెదలు వట్టింది కొడుకా."

ఏం పెట్టె?
తెల్లకాయితం మీద తాతలు ఏలిముద్రేసి కొన్న భూములు,
శిస్తు రశీదులు, పహాణీ నకళ్లు,
కంప్యూటర్ల కనవడని సర్వే నంబర్లు.
నూట అరవై ఇండ్ల బతుకు
బియ్యం గుమ్మి పక్కన ఒక్క ఇనుప పెట్టెల.
భూమి కోసం పెట్టుకున్న సంఘానికి పన్నెండేండ్లు,
కూసుండ జాగ లేదు.
మీటింగు ఓసారి బీడీల కార్ఖానా అరుగు మీద,
ఓసారి తహసీల్ ఆఫీసు గోడ నీడల.
నీడ జరిగినకొద్దీ మీటింగు జరిగింది.

"ఇల్లు కడుదాం" అన్నడు ఎల్లేశం, మీది మంచం మీదికెల్లి.
ఎవ్వలం నవ్వలే.
ముప్పై రెండంతస్తులు లేపినోళ్లం.

సిమెంటు సంచి చింపి, తిరగేసి
నేను ప్లాను గీసిన. షట్టరింగ్ పనోన్ని,
నా గీత వంకర వోదు.
ముప్పై అడుగులకు పద్దెనిమిది.
కాయితాలకు ఓ అర్ర, చెదలెక్కకుండ రాతి కట్టు మీద.
ధన్‌బహదూర్ వంగి చూసిండు.
నేపాలోడు, మా మాట రాదు.
అయినా భూమి లొల్లి అనంగనే తెల్సుకున్నడు,
అడగకముందే ఇరవై దిర్హాములు సంచి మీద పెట్టిండు.

మనిషికి రెండు ఐతారాల ఓవర్‌టైం.
లింబాద్రి కొత్త చెప్పులు మానుకున్నడు.
హన్మాండ్లు ఇయ్యలే.
"నా మూడెకరాలు చిన్నాయన పేరెక్కినప్పుడు
ఏడున్నది మీ సంఘం?"
దానికి జవాబు లేదు మా దగ్గర.
మూడొద్దులకు నా మెత్త కింద యాభై నోటు.
ఎవలదని నేనడగలే.

ఇక్కడ పాస్‌పోర్టు కంపెనీ బీరువల,
అక్కడ పాస్‌బుక్కు ఆఫీసు ఫైలుల.
నడుమల నేను,
మెడల కార్డు ఏసుకొని
నా పేరు నేనే సదువుకుంట.

గోడలు లేస్తుంటే వీడియోల చూసిన.
"కుడి మూల అరించు బయటికి వోయింది."
మొగులయ్య మేస్త్రి తాపీ ఇసిరేసిండు:
"దుబాయిల కూసోని గుండుదారం పడుతున్నవారా?"
ఆయనకు అబుదాబి అయినా దుబాయే.
తెల్లారి గోడ ఇప్పి మళ్ల కట్టిండు,
నాతోని మాత్రం నెల దాక మాట్లాడలే.

దర్వాజ తూర్పుకని పంతులు,
కాదు, తహసీల్ బాటకని సాయవ్వ.
"ఆఫీసుల కసిరిచ్చుకొని మర్లొచ్చేటోనికి
ముందుగాల్ల తెరిసిన తలుపు కనవడాలె."
దర్వాజ బాటకే పెట్టిన్రు.

స్లాబు వడ్డ వారానికి
ఎవలో కంప్యూటర్ల నంబరు కొట్టి చూసిన్రట.
నర్సవ్వ ఇచ్చిన ఆ రెండు గుంటలు
రికార్డుల చెరువు శిఖం.
చెరువే లేదు ఆడ, మా తాత పుట్టకముందు నుంచి.
రూమంత ఒకటే నవ్వు.
నల్ల ఇప్పితే ఉడుకు నీళ్లొచ్చే ఎడారిల ఉండి
లేని నీళ్లల్ల ఇల్లు కట్టినం.
నవ్వి నవ్వి ఎల్లేశం మాత్రం గోడ దిక్కు మర్రిండు.

కొత్త అర్రల, కొత్త రిజిస్టర్ల
ఒకటో నంబరు దరఖాస్తు
ఆ ఇంటి గురించే.
కింద సంతకాలు, ఏలిముద్రలు ఫోటో తీసి పంపింది సాయవ్వ.
చివర్ల పన్నెండు జాగలు ఖాళీ.
"మీరొచ్చినంక పెట్టున్రి."
"పదకొండే అవ్వా, ధన్‌బహదూర్ మన ఊరోడు గాదు."
"ఉండనీ," అన్నది.